కుండీలో వేళ్లు వచ్చిన లిల్లీ గడ్డలు: చలికాలంలో బయట నాటొచ్చా?

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉంటున్న మన కుటుంబాల్లో మొక్కలంటే ఇష్టమున్న వాళ్లకు ఏటా నవంబరు, డిసెంబరులో ఎదురయ్యే చిక్కు ఇది. సీజన్ అయిపోయాక అక్కడి దుకాణాల్లో మిగిలిపోయిన లిల్లీ గడ్డలు చౌకగా దొరుకుతాయి. కొనుక్కొచ్చాక పెరట్లో నాటే తీరిక ఉండదు. సరేలే అని ఒక కుండీలో మట్టి నింపి, గడ్డలు పెట్టి, కిటికీ పక్కన ఉంచుతారు. కొన్ని వారాలయ్యేసరికి కుండీ అడుగున రంధ్రంలోంచి తెల్లటి వేళ్లు బయటికి వస్తుంటాయి. అటు బయట చూస్తే రాత్రిళ్లు సున్నా డిగ్రీల కిందికి పోతున్నాయి. ఇప్పుడు ఆ కుండీని లోపలే ఉంచాలా? గడ్డల్ని తీసి పెరట్లో నాటేయాలా?

అడిగితే రెండు రకాల సలహాలు వస్తాయి. హైదరాబాద్ నుంచి ఫోన్లో నానీమా "బయట మంచు పడుతోందంటున్నావ్, లోపలే ఉంచు బేటా, చచ్చిపోతుంది" అంటుంది. అక్కడి పక్కింటి వాళ్లేమో "లిల్లీకి చలి కావాలి, బయట పెట్టేయండి" అంటారు. ఇద్దరు చెప్పిందీ సగం నిజం. లిల్లీ గడ్డకు చలి నిజంగానే కావాలి, అది లేకపోతే సరిగా పూయదు. కానీ ఆ చలి మెల్లమెల్లగా రావాలి. 20 డిగ్రీల గదిలో హాయిగా ఉన్న గడ్డను ఒక్క రోజులో మైనస్ చలిలోకి తోస్తే, మేలు చేయాల్సిన ఆ చలే ప్రాణం తీస్తుంది.

కాబట్టి పలుగు చేతిలోకి తీసుకునే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. మీ దగ్గరున్నది అసలు ఏ మొక్క? అది ఇప్పుడు ఏ దశలో ఉంది? బయట చలి ఎంత ఉంది?

ముందు పేరు తేల్చుకోండి

మన దగ్గర "లిల్లీ" అనే మాటతోనే సగం గందరగోళం మొదలవుతుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో లిల్లీ పూలు అడిగితే ఇచ్చేది పెళ్లి దండల్లో, సెహ్రాల్లో గుచ్చే తెల్లటి, సువాసన పూలు. ఉర్దూలో వాటినే గులే షబ్బో అంటారు, హిందీలో రజనీగంధ. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో. వృక్షశాస్త్రం ప్రకారం అది లిల్లీ కుటుంబానికి చెందినదే కాదు. అసలైన లిల్లీలు "లిలియం" అనే జాతివి. అవి ఆసియా, ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని చల్లటి ప్రాంతాల మొక్కలు. మన దక్షిణాదిలో కూడా నీలగిరి కొండల్లో ఒక రకం తెల్ల లిల్లీ సహజంగా పెరుగుతుంది. ఉర్దూ, ఫార్సీ కవిత్వంలో వినిపించే సోసన్ అనే మాటను లిల్లీకీ వాడతారు, ఐరిస్ పువ్వుకీ వాడతారు.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, రెండింటికీ చేయాల్సిన పని పూర్తిగా తలకిందులు. గులే షబ్బో దుంపకు గడ్డకట్టే చలి తగిలితే కుళ్లిపోతుంది. చలిదేశాల్లో దాన్ని మంచు పడకముందే తవ్వి తీసి, ఇంట్లో పొడిగా దాచుకోవాలి. క్రిస్మస్ రోజుల్లో డబ్బాల్లో అమ్మే అమరిల్లిస్ కూడా అంతే. పెద్ద ఎర్రటి పూలు పూసే ఆ మొక్క దక్షిణ అమెరికాది, చలికాలమంతా ఇంట్లోనే ఉండాలి. కాలా లిల్లీ దక్షిణాఫ్రికాది. ఇంట్లో నీడలో పెంచే పీస్ లిల్లీకి గడ్డే ఉండదు. వీటిలో దేన్నీ చలికాలంలో బయట నాటకూడదు.

గడ్డను చూసి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అమరిల్లిస్ గడ్డ పెద్ద ఉల్లిగడ్డలా ఉంటుంది, పైన గోధుమరంగు కాగితంలాంటి పొర ఉంటుంది. అసలు లిల్లీ గడ్డకు ఆ పొర ఉండదు. తెల్లగా లేదా లేత పసుపుగా, వెల్లుల్లి రెబ్బల్ని పలచగా చేసి ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటుంది. ప్యాకెట్ దాచి ఉంటే దానిమీద ఏషియాటిక్, ఓరియెంటల్, ట్రంపెట్ లాంటి మాటలేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే అది అసలు లిల్లీయే. ఇకపై చెప్పేదంతా ఆ లిల్లీ గురించే.

చలి ఎందుకు కావాలి?

తులిప్ గడ్డను వలసంచిలో పొడిగా వేలాడదీసినా నెలల తరబడి బతికే ఉంటుంది. లిల్లీ గడ్డ అలా ఉండలేదు. పైపొర లేదు కాబట్టి తేమ త్వరగా ఆరిపోతుంది. అందుకే దుకాణాల్లో కూడా దాన్ని తడి రంపపు పొట్టులోనో, పీట్ మట్టిలోనో పెట్టి అమ్ముతారు. పైకి నిద్రపోతున్నట్లు కనిపించినా అది ఎప్పుడూ పూర్తిగా నిద్రపోదు. ఆకురాలు కాలంలో వేళ్లు వేస్తుంది, చలికాలమంతా ఆ వేళ్లను కాపాడుకుంటుంది. అంటే మీ కుండీలో వేళ్లు రావడం మొక్క చేసిన పొరపాటు కాదు. ఆ కాలంలో అది చేయాల్సిన పనే చేసింది. తేడా అల్లా, ఆ పని చల్లటి నేలలో కాకుండా వెచ్చటి గదిలో జరిగింది.

చలి ఆ గడ్డకు ఒక లెక్కలాంటిది. ఇన్ని వారాల చల్లదనం గడిచింది, చలికాలం అయిపోయింది, ఇక కాండం పైకి పంపి పూయొచ్చు అని దానికి తెలిసేది ఆ లెక్కతోనే. లెక్క పూర్తికాకపోతే కొన్ని గడ్డలు ఆలస్యంగా మొలుస్తాయి, కొన్ని నాలుగు ఆకులు వేసి ఆగిపోతాయి, మొగ్గలు తక్కువగా వస్తాయి లేదా రానే రావు.

ఈ లెక్కను పూల వ్యాపారులు ఎంత కచ్చితంగా పాటిస్తారో చూడాలంటే ఈస్టర్ లిల్లీని చూడాలి. ఈ తెల్ల లిల్లీ పుట్టిల్లు జపాన్‌కు దక్షిణాన ఉన్న ర్యూక్యూ దీవులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో లూయిస్ హౌటన్ అనే సైనికుడు ఒక సూట్‌కేసు నిండా ఆ గడ్డల్ని ఓరెగాన్ తీరానికి తెచ్చి మిత్రులకు పంచాడు. 1941లో జపాన్‌తో యుద్ధం రావడంతో అమెరికాకు జపాన్ గడ్డలు ఆగిపోయాయి. అప్పటినుంచి ఓరెగాన్, కాలిఫోర్నియా సరిహద్దులోని ఆ తీరమే అమెరికాలో ఈస్టర్ లిల్లీ గడ్డలకు కేంద్రమైంది. మన ఈద్ లాగే ఈస్టర్ తేదీ కూడా ఏటా మారుతుంది. పూలు సరిగ్గా ఆ వారానికే విచ్చుకోవాలి. అందుకని పెంపకందారులు పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, గడ్డల్ని ముందు 6 వారాలు, అంటే సుమారు 1,000 గంటలు, 4 నుంచి 7 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. ఆ తర్వాత దాదాపు 4 నెలలు గ్రీన్‌హౌస్‌లో పెంచుతారు.

మనకు ఇందులోంచి పనికొచ్చేది ఒక్కటి. చల్లదనం అంటే మైనస్ డిగ్రీలు కాదు. ఫ్రిజ్‌లో కింది అరలో ఉండేంత చలి చాలు. గడ్డకు కావాల్సింది అంత చలి కొన్ని వారాలు విడవకుండా ఉండటం.

మరి అదే చలి ఎప్పుడు చంపుతుంది?

తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్‌లో పొద్దున్నే కమ్మే పొగమంచునూ మంచు అంటాం. గడ్డిమీద మెరిసే చుక్కల్నీ మంచు అంటాం. షికాగోలో మోకాలి లోతు పడేదాన్నీ మంచే అంటాం. మొక్కకు మాత్రం ఇవన్నీ ఒకటి కాదు. పొగమంచుతో లిల్లీకి ఏ హానీ లేదు. దాని చుట్టూ ఉన్న మట్టిలో, దాని కణాల మధ్యన నీళ్లు గడ్డకట్టినప్పుడే ప్రమాదం.

ఆరుబయట నేలలో ఉన్న గడ్డ ఈ ప్రమాదానికి ముందుగానే సిద్ధమవుతుంది. సెప్టెంబరు నుంచి రోజురోజుకూ చలి పెరుగుతుంటే, గడ్డ తనలో దాచుకున్న పిండిపదార్థంలో కొంత చక్కెరగా మార్చుకుంటుంది. ఉప్పునీళ్లు మామూలు నీళ్లకంటే ఆలస్యంగా గడ్డకట్టినట్లే, చక్కెర కలిసిన కణద్రవం కూడా ఇంకాస్త చలి వచ్చేదాకా గడ్డకట్టదు. ఈ తయారీకి వారాలు పడుతుంది. గదిలో 20 డిగ్రీల దగ్గర ఉన్న గడ్డ ఆ తయారీ ఏదీ చేసుకోలేదు. దాని వేళ్లు లేతగా, నీళ్లతో నిండి ఉంటాయి. దాన్ని ఒక్కసారిగా మైనస్ 10లోకి పంపిస్తే ముందు వేళ్లు పోతాయి, తర్వాత గడ్డ మెత్తబడుతుంది.

హాలెండ్‌లో లిల్లీ గడ్డల్ని నెలల తరబడి నిల్వ చేసే పద్ధతి కూడా ఇదే చెబుతుంది. అక్కడ గడ్డల్ని తడి పీట్‌లో పెట్టి, ముందు కొన్ని వారాలు సున్నాకు కాస్త పైన చల్లబరుస్తారు. ఆ తర్వాతే సున్నాకు ఒకటి రెండు డిగ్రీల కిందికి తీసుకెళ్తారు. అలా నిల్వ చేసిన గడ్డలు తర్వాత చక్కగా పూస్తాయి. ముందుగా చల్లబరచకుండా నేరుగా గడ్డకట్టిస్తే పాడైపోతాయి.

ఇంకో సంగతి, కుండీకీ నేలకూ చాలా తేడా ఉంది. నేలలో చలి పైనుంచి మాత్రమే దిగుతుంది, అదీ నెమ్మదిగా. కుండీకి నాలుగు పక్కల నుంచీ చలి తగులుతుంది. ఒక్క రాత్రిలోనే మట్టి ముద్దంతా రాయి అయిపోవచ్చు. "లిల్లీ చలికి తట్టుకుంటుంది" అని ప్యాకెట్ మీద రాసిందంటే, అది నేలలో నాటిన గడ్డ గురించి. దాన్ని నమ్మి కుండీని బాల్కనీలో వదిలేయకూడదు.

మీ గడ్డ ఏ దశలో ఉంది?

మట్టి పైపొరను వేలితో మెల్లగా తొలగించి చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది: వేళ్లు వచ్చాయి, మొలక రాలేదు, లేదా మొలక ఇంకా మట్టిలోపలే ఉంది. బయటికి మార్చడానికి ఇదే మంచి దశ. దీనికి ఇప్పుడు కావాల్సింది చల్లదనమే. బయట నేల ఇంకా గడ్డకట్టకపోతే, ముందు చలికి అలవాటు చేసి నాటొచ్చు. గడ్డకట్టిపోయి ఉంటే గ్యారేజీలాంటి చల్లటి చోటికి మార్చాలి.

రెండోది: మొలక మట్టి పైకి వచ్చింది, ఆకులు విచ్చుకుంటున్నాయి. ఈ దశలో బయట నాటొద్దు. ఆ లేత మొలక చివర్లోనే ఈ ఏటి మొగ్గలన్నీ తయారవుతాయి. అది ఒక్క రాత్రి గడ్డకడితే ఆ ఏడాదికి ఆ గడ్డనుంచి ఇంకో కాండం రాదు. ఇంట్లోనే అన్నిటికంటే చల్లగా, వెలుతురు బాగా ఉండే కిటికీ దగ్గర ఉంచండి. హీటర్ గాలి తగలనివ్వొద్దు. వేడి ఎక్కువ, వెలుతురు తక్కువ అయితే కాండం సన్నగా సాగి పడిపోతుంది. చలికాలం వెళ్లాక, ఆఖరి మంచు రోజులు దాటాక బయట నాటుకోవచ్చు.

మూడోది: ఎవరో బహుమతిగా ఇచ్చిన కుండీ, ఇంట్లోనే పూసి పూలు రాలిపోయాయి. వాడిన పూలు మాత్రమే తుంచండి, కాండం కోయొద్దు. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ అవి గడ్డకు తిండి పంపుతూనే ఉంటాయి. ఆకులు వాటంతట అవే పసుపెక్కేదాకా నీళ్లు పోయండి. వసంతం వచ్చాక పెరట్లో నాటండి. మరుసటి వేసవికి మళ్లీ పూసే అవకాశం ఉంటుంది.

బయటికి మార్చే పద్ధతి

ఇది మొదటి దశలో ఉన్న గడ్డలకు, నేలలో పలుగు ఇంకా దిగుతున్న రోజులకు.

ముందు చలికి అలవాటు చేయాలి. మొదటి వారం కుండీని హీటర్ లేని గదిలోనో, గ్యారేజీలోనో పెట్టండి. రెండో వారం పగటిపూట బయట, గోడ పక్కన నీడలో ఉంచి, రాత్రికి మళ్లీ గ్యారేజీలోకి తేండి. పది, పద్నాలుగు రోజులు ఇలా చేస్తే గడ్డ సిద్ధమవుతుంది. తొందరపడి ఈ రెండు వారాలు మిగుల్చుకుందామని చూడకండి. గడ్డ బతకడం, చావడం తేలేది ఎక్కువగా ఇక్కడే.

చోటు చూసుకోండి. వాన నీళ్లు నిలిచే చోట లిల్లీ బతకదు. లండన్, సియాటిల్ లాంటి వానల ఊళ్లలో చలికంటే నీళ్లు నిలవడం వల్లే గడ్డలు ఎక్కువగా కుళ్లిపోతాయి. బంకమట్టి అయితే ఇసుక, కుళ్లిన ఆకుల ఎరువు కలిపి, నేలను కాస్త ఎత్తు చేసి నాటండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి.

నాటే రోజు మధ్యాహ్నం పూట పని పెట్టుకోండి. గుంత కుండీకి రెండింతల వెడల్పు ఉండాలి. గడ్డ పైభాగం మీద 4 నుంచి 6 అంగుళాల మట్టి పడేంత లోతు తవ్వాలి. లిల్లీ గడ్డ కింద మాత్రమే కాదు, చాలా రకాల్లో గడ్డకు పైన కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. అందుకే లోతు కావాలి.

కుండీని పక్కకు వంచి, మట్టి ముద్ద విరగకుండా మొత్తంగా బయటికి జార్చండి. మిరప నారు పీకినట్లు గడ్డను పట్టుకుని లాగకండి. ఆ వేళ్లు విరిగితే చలికాలంలో మళ్లీ కొత్తవి వేయడం దానికి కష్టం. మట్టి ముద్దను అలాగే గుంతలో దించి, చుట్టూ మట్టి నింపి, గాలి బొరియలు లేకుండా చేత్తో నొక్కి, ఒక్కసారి నీళ్లు పోయండి. మట్టి తడిస్తే చాలు, బురద కావొద్దు. పక్కనే ఒక పుల్ల గుచ్చి పేరు రాసిపెట్టండి. లేకపోతే వసంతంలో ఎక్కడ నాటామో మరిచిపోయి దాని మీదే పలుగు వేస్తాం.

పైన ఎండుటాకులు, గడ్డి, చెక్క బెరడు ముక్కలు ఏవైనా 4 నుంచి 6 అంగుళాల మందంలో పరచండి. ఆలస్యంగా నాటారు కాబట్టి వెంటనే పరవడం మంచిది. ఇది గడ్డను వెచ్చగా ఉంచడానికి అని చాలామంది అనుకుంటారు. నిజానికి చలి హెచ్చుతగ్గులు లేకుండా చూడటానికి. ఒక రోజు గడ్డకట్టి, మరో రోజు కరిగి, మళ్లీ గడ్డకడుతుంటే నేల ఉబ్బి గడ్డను పైకి తోసేస్తుంది, వేళ్లు తెగుతాయి. ఉడతలు తవ్వకుండా మట్టిమీద కోళ్ల వల ముక్క ఒకటి పరిచి, అంచులకు రాళ్లు పెట్టండి.

తర్వాత పైన మంచు పడితే కంగారు పడకండి, తుడవకండి. కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే, అది నేలకు దుప్పటిలా పనిచేస్తుంది. అయితే దారిమీద ఉప్పు చల్లి ఎత్తిన మంచును మాత్రం ఆ చోట పోయొద్దు. ఉప్పు మొక్కకు చేటు.

నేల గడ్డకట్టిపోతే

పలుగు దిగని నేలను పగలగొట్టి నాటడం వల్ల లాభం లేదు. గడ్డకట్టిన మట్టి పెళ్లలు వేళ్ల చుట్టూ సరిగా కూర్చోవు. కుండీని హీటర్ లేని గ్యారేజీలోనో, నేలమాళిగలోనో, కప్పు ఉన్న వరండాలోనో పెట్టండి. అక్కడ 1 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే సరిగ్గా సరిపోతుంది. ఒక థర్మామీటర్ వేలాడదీస్తే ఊహించుకోవాల్సిన పనుండదు. చలి మరీ ముదిరిన రాత్రుల్లో కుండీకి పాత దుప్పటి చుట్టి, సిమెంటు నేలమీద కాకుండా చెక్కమీద పెట్టండి.

మొలక రానంతవరకూ వెలుతురు అక్కర్లేదు. పైన ఒక అంగుళం మట్టి ఆరినప్పుడు మాత్రమే కాసిని నీళ్లు పోయండి. చలిలో తడి ఎక్కువైతే కుళ్లు ఖాయం. ఎలుకలు వచ్చే చోటైతే పైన వల కట్టండి. ఇలా కనీసం 6 నుంచి 8 వారాలు గడిస్తే చలి లెక్క పూర్తయినట్లే. మొలక కనిపించిన రోజునుంచి వెలుతురులోకి మార్చి, ఆఖరి మంచు దాటాక పెరట్లో నాటండి.

ఒకవేళ కుండీ పొరపాటున ఒక రాత్రి బయట ఉండి గడ్డకట్టిపోతే, కంగారుగా తెచ్చి హీటర్ పక్కన పెట్టకండి. గ్యారేజీలోనే నెమ్మదిగా కరగనివ్వండి. వారం తర్వాత గడ్డను నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉన్నట్లు. గాజులా మారి, మెత్తగా నీరు కారుతుంటే ఇక ఆశ లేదు.

ఏ ఊళ్లో ఎలా?

షికాగో, టొరాంటో లాంటి చోట్ల డిసెంబరు దాటితే నేలలో నాటాలనే ఆలోచన మానుకుని గ్యారేజీ దారి పట్టడమే మేలు. మొలకలు వచ్చిన కుండీలను షికాగోలో ఏప్రిల్ చివర, మే మొదటి వారాల దాకా బయట నాటకూడదు. డాలస్‌లో చలికాలమంతా చాలా రోజులు నేల మెత్తగానే ఉంటుంది, అలవాటు చేసి డిసెంబరులోనూ నాటొచ్చు. హూస్టన్‌లో అసలు సమస్య చలి తక్కువ కావడం. అక్కడ ఫ్రిజ్ సాయం కావాల్సి రావచ్చు. లండన్‌లో నేల గట్టిగా గడ్డకట్టే రోజులు తక్కువ. అక్కడ నీళ్లు పోయే దారి చూసుకుంటే చాలు.

హైదరాబాద్, విజయవాడలో కథ వేరు. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు. కాబట్టి కుండీలో వేళ్లు వచ్చిన లిల్లీని చలికాలంలో నిరభ్యంతరంగా బయట పెట్టొచ్చు. నిజానికి పెట్టాల్సింది అప్పుడే, లిల్లీకి మన దగ్గర అనువైన కాలం అదొక్కటే. నర్సరీల్లో దొరికే లిలియం గడ్డలు ముందే చల్లబరిచినవైతే, అక్టోబరు, నవంబరులో నాటితే రెండున్నర నుంచి నాలుగు నెలల్లో పూస్తాయి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండేలా చూడండి. అయితే మన చలి వాటి లెక్కకు చాలదు. మరుసటి ఏడాది మళ్లీ పూయాలంటే ఫ్రిజ్‌లో చలి పెట్టాలి. జెడ్డా, రియాద్, దుబాయ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఫ్రిజ్ పద్ధతి ఇది. ఆకులు ఎండిపోయాక గడ్డను తీసి, చెమ్మగా ఉన్న కోకోపీట్‌లో పెట్టి, చిల్లులున్న కవర్లో వేసి, కింది అరలో 6 నుంచి 8 వారాలు ఉంచాలి. ఫ్రీజర్‌లో కాదు. యాపిల్, అరటి లాంటి పండ్ల పక్కన పెట్టొద్దు, అవి వదిలే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను పాడుచేస్తుంది. కవర్ మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చూడటానికి వెల్లుల్లిలాగే ఉంటుంది, ఎవరో ఒకరు తీసి ఖుర్మాలో వేసే ప్రమాదం ఉంది. అమ్మే గడ్డలకు బూజు పట్టకుండా మందులు పూస్తుంటారు కాబట్టి అవి తినడానికి కావు.

ఇంట్లో పిల్లి ఉంటే ఆగండి

మన ఇళ్లలో పిల్లుల్ని ముద్దుగా పెంచేవాళ్లు చాలామంది. వాళ్లు ఈ మాట తప్పకుండా గుర్తుంచుకోవాలి. అసలు లిల్లీలన్నీ, వాటితోపాటు డేలిల్లీలు కూడా, పిల్లులకు విషం. ఆకు, పువ్వు, కాండం, గడ్డ ఏది తిన్నా ముప్పే. ఒంటిమీద పడిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన వాజ్‌లోని నీళ్లు తాగినా మూత్రపిండాలు దెబ్బతిని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. పిల్లి లిల్లీని కొరికిందని అనుమానం వచ్చినా, బాగానే తిరుగుతోంది కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే వైద్యం పనిచేయదు.

కాబట్టి ఇంట్లో తిరిగే పిల్లి ఉన్నవాళ్లు కిటికీ పక్కన లిల్లీ కుండీ పెట్టకపోవడమే మంచిది. మొలక వచ్చిన కుండీకి ఇంట్లో తప్ప చోటు లేకపోతే, తలుపు వేసుకునే గదిలో ఉంచాలి. అదీ కుదరకపోతే పిల్లి లేని స్నేహితుల ఇంటికి ఇచ్చేయాలి. పిల్లి పెరట్లోకీ వెళ్తుంటే లిల్లీ వదిలేసి వేరే పువ్వు చూసుకోండి. గులాబీ వేసుకోవచ్చు.

ఏం ఆశించాలి?

చలికాలంలో ఇలా చోటు మారిన గడ్డ మొదటి ఏడాది పొట్టిగా, రెండు మూడు పూలతో సరిపెట్టినా నిరాశపడొద్దు. కొన్ని ఆ ఏడాది ఆకులు మాత్రమే వేసి గడ్డను బలపరుచుకుంటాయి. ఏషియాటిక్ రకాలు చలికి బాగా తట్టుకుంటాయి, త్వరగా కోలుకుంటాయి. ఓరియెంటల్ రకాలకు ఇంకాస్త ఓపిక కావాలి. ఈస్టర్ లిల్లీ అన్నిటికంటే సుకుమారం. నేలలో ఒకసారి కుదురుకుంటే లిల్లీ వేళ్లే ముడుచుకుంటూ గడ్డను తనకు కావాల్సిన లోతుకు లాక్కుంటాయి. ఆ తర్వాత ఏటేటా కాండాలు పెరుగుతాయి, పక్కన పిల్లగడ్డలు పుడతాయి.

మొత్తం మీద గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. మొలక లేకపోతే చలిలోకి, మొలక ఉంటే వెలుతురులోకి. నేల మెత్తగా ఉంటే పెరట్లోకి, రాయిలా ఉంటే గ్యారేజీలోకి. ఎటు మార్చినా రెండు వారాల సమయం ఇచ్చి, వేళ్లు కదలకుండా మార్చాలి. ఈ డిసెంబరులో అంత ఓపిక పడితే, వచ్చే జూన్, జూలైలో పెరట్లో లిల్లీలు పూస్తాయి. నానీమాకు వీడియో కాల్‌లో చూపించొచ్చు.